నాన్నతో అరవై ఆరో నంబరు రోడ్డు మీద

ఈ రోడ్డు మీద వెళ్ళాలనుకునేవాళ్ళకి ముందే ఒక మాట చెప్పాలి. దారి ఎవరిని అడిగినా, "ఆ పాత రోడ్డెందుకు, ఇంటర్‌స్టేట్ ఎక్కండి, రెండు రోజులు ముందే చేరిపోతారు" అంటారు. పదకొండు రోజుల్లో ఇరవైమంది దాకా మాకు ఆ సలహా ఇచ్చారు. మంచి ఉద్దేశంతోనే ఇచ్చారు. షికాగో నుంచి కాలిఫోర్నియా సముద్రం దాకా రెండువేల నాలుగువందల మైళ్ళ పైచిలుకు సాగిన ఈ అరవై ఆరో నంబరు రోడ్డు ఒకప్పుడు దేశంలో అందరికీ తెలిసిన దారి. దాని పక్కనే వెడల్పాటి ఇంటర్‌స్టేట్ హైవేలు వచ్చాక, బండ్లన్నీ అటు మళ్ళాయి. మేం వెళ్ళేనాటికి ఇలినాయిలో నంబరు బోర్డులు కూడా పీకేశారు. లేని రోడ్డుని వెతుక్కుంటూ వెళ్ళడమే మా యాత్ర.

పిస్కాటవే

ఆలోచన నాది కాదు, మా నాన్నది. నాన్న పేరు జీవరత్నం. రోడ్ల శాఖలో ముప్పై రెండేళ్ళు ఓవర్సీరుగా చేసి ఒంగోలులో రిటైరయ్యారు. కంకర పరిపించడం, తారు పోయించడం, కల్వర్టులు కట్టించడం ఆయన జీవితం. పందొమ్మిది వందల ఎనభై మూడు వేసవిలో న్యూజెర్సీలో, పిస్కాటవే ఊళ్ళో ఉన్న మా ఇంటికి మూడు నెలలకని వచ్చారు. చూపించాల్సినవన్నీ చూపించాం. నయాగరా దగ్గర అందరూ నీళ్ళు చూస్తుంటే ఆయన వంగి రెయిలింగ్ పునాది చూశారు. ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో జరిగే తెలుగు ప్రార్థన కూటానికి తప్ప, ఇక దేనికీ ఉత్సాహం చూపించడం మానేశారు.

ఒకరోజు భోజనాల దగ్గర అడిగారు.

"సుగుణమ్మా, ఈ దేశంలో పాత రోడ్డేదన్నా ఉందా?"

"పాతదంటే ఎంత పాతది నాన్నా?"

"కొత్తదేసి వదిలేసింది. కొత్త రోడ్డులో ఏముంటది చూడ్డానికి? పైన నున్నగా కప్పేసుంటారు. వదిలేసినదాంట్లో అయితే పొరలన్నీ బయటపడతయి. ఎవడు ఎట్టా వేశాడో తెలిసిపోద్ది."

నేను ఒక కాలేజీ లైబ్రరీలో మ్యాపుల గదిలో పనిచేస్తాను. ఆ నెలలోనే ఎవరో చనిపోయిన పెద్దాయన సామాన్లలో నుంచి ఒక అట్టపెట్టె మాకు చేరింది. అందులో పాతకాలం పెట్రోలు బంకుల్లో ఊరికే ఇచ్చే రోడ్డు మ్యాపులు, దారి పక్క మోటెళ్ళ పోస్టుకార్డులు, ఒక కెఫే మెనూ ఉన్నాయి. కేటలాగు రాస్తూ ఒక మ్యాపులో అరవై ఆరో నంబరు రోడ్డుని చూపే ఎర్ర గీత మీద వేలు పెట్టి షికాగో నుంచి సముద్రం దాకా పోయాను. ఆ రాత్రికే నాన్నకి చెప్పాను. మా ఆయన ప్రకాశ్‌కి సెలవు లేదు. "మీరిద్దరే వెళ్ళి రండి. నాలుగోరోజుకి బోర్ కొట్టి ఫోన్ చేస్తారు, నాకు తెలుసు" అన్నాడు.

మ్యాపులకి, పోస్టుకార్డులకి జిరాక్సులు తీసుకుని, ఐస్‌బాక్స్‌లో పులిహోర, డబ్బాలో ఊరమిరపకాయలు పెట్టుకుని బయల్దేరాం. షికాగో దాకా జరిగింది మీకు అక్కర్లేదు.

ఇలినాయి

మొదటిరోజు రెండు గంటలు మేం రోడ్డు మీదే ఉన్నామని నాకు తెలియనే లేదు. మ్యాపులో ఒకటే గీత ఉంది. నేల మీద మాత్రం మూడు రోడ్లున్నాయి. ఇంటర్‌స్టేట్ ఒకటి, దాని పక్కనే మామూలు రోడ్డు ఒకటి, ఆ పక్కన గడ్డిలో సగం మునిగిన సిమెంటు పట్టీ ఒకటి.

"ఆపు, ఆపు! అదే" అన్నారు నాన్న.

దిగి, ప్యాంటు పైకి మడుచుకుని గడ్డిలోకి వెళ్ళారు. సిమెంటు పలకల మధ్య సందుల్లో మొలిచిన గడ్డిని చేత్తో పక్కకి తోసి, జేబులోంచి టేపు తీసి మందం కొలిచారు. తర్వాత అరచెయ్యి దాని మీద ఆనించి కాసేపు అట్లాగే ఉండిపోయారు, జ్వరం చూస్తున్నట్టు.

మొక్కజొన్న చేలోంచి ఒక రైతు ట్రాక్టరు దిగి వచ్చాడు. మా ఇద్దరినీ, నాన్న చేతిలో టేపునీ చూశాడు.

"సర్వేకి వచ్చారా? మళ్ళీ నా పొలంలోంచి ఏదో వేస్తున్నారా?" అన్నాడు.

కాదని, ఇండియా నుంచి చూడ్డానికి వచ్చామని చెప్పాను. ఆయన నమ్మడానికి కొంచెంసేపు పట్టింది. నమ్మాక మాత్రం వదల్లేదు. మైలు అవతల వాళ్ళ తాత ఇంటి ముందు నుంచి పోయే ముక్క ఇంకా బాగుందని తనే ముందు ట్రాక్టరు నడుపుతూ తీసుకెళ్ళాడు. "పక్కనున్న రైలు పట్టాలు చూస్తూ పొండి. రోడ్డు పట్టాల్ని వదిలి ఎక్కువ దూరం పోదు. పట్టాలూ, కరెంటు స్తంభాలూ, మూసేసిన పెట్రోలు బంకులూ ఒకే వరసలో కనపడితే మీరు రోడ్డు మీదున్నట్టే" అన్నాడు. మా లైబ్రరీలో ఏ పుస్తకంలోనూ నాకు దొరకని సంగతి అది. మిగతా దారంతా దాన్ని పట్టుకునే పోయాం.

మిస్సోరీ

మోటెల్ అంటే దారి పక్క సత్రం. వరసగా గదులు, గది ముందే కారు. పెట్టెలో నాకు బాగా నచ్చిన పోస్టుకార్డు మీద ఒక మోటెల్ ఉంది. ముందు నీలం ఈతకొలను, దాని చుట్టూ గొడుగులు, ఎర్రటోపీ పెట్టుకున్న ఒకావిడ. ఆ మోటెల్‌నే వెతుక్కుంటూ పోతుంటే, దానికి ఎదురుగా ఇంకో మోటెల్ కనిపించింది. దాని ముందు పెద్ద అక్షరాలతో ఒక బోర్డు ఉంది. "అమెరికన్ల యాజమాన్యం."

నాన్నకి అర్థం కాలేదు. "అమెరికాలో అమెరికావాళ్ళది కాక ఎవరిది ఉంటదమ్మా? మన ఒంగోలులో హోటలు మీద 'ఆంధ్రులది' అని రాస్తామా?"

నాకు అర్థమైంది గానీ చెప్పబుద్ధి కాలేదు. రోడ్డు దాటి అవతలి మోటెల్‌కి వెళ్ళాం. ఆఫీసు తలుపు తీయగానే ఆవాలు, ఇంగువ పోపు వాసన. నాలుగు రోజులుగా చారు తిననివాళ్ళం. ఇద్దరం ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నాం.

యజమాని మగన్‌భాయి, ఆయన భార్య శారదాబెన్, గుజరాత్ నుంచి ఆఫ్రికా మీదుగా వచ్చినవాళ్ళు. గది పద్నాలుగు డాలర్లు. భోజనానికి మాత్రం అడిగితే కోప్పడ్డారు. రొట్టెలు, కిచిడీ, వంకాయ కూర. వంకాయలు ఇక్కడ ఇంత లేతగా ఎక్కడ దొరుకుతాయని అడిగితే, శారదాబెన్ నన్ను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళింది. పోస్టుకార్డులోని ఈతకొలను అక్కడే ఉంది. నీళ్ళు లేవు. అంచుదాకా మట్టి నింపి, వంగ, మిరప, మెంతి వేశారు. లోతు ఎక్కువున్న కొసన సొరపాదు, దిగడానికి పెట్టిన ఇనప నిచ్చెన మీదికి పాకి ఉంది.

నాన్న ఎదుటి బోర్డు గురించి ఆయన్నే అడిగేశారు. మగన్‌భాయి నవ్వలేదు, కోపం తెచ్చుకోలేదు.

"ఉన్నమాటే రాశారు భాయిసాబ్. మా పేరు చూసి వద్దనుకునేవాళ్ళు అటు పోవడానికి ఆ బోర్డు. కొందరు లోపలికొచ్చి, నా ముఖం చూసి, దారి తప్పామని చెప్పి వెళ్ళిపోతారు. నేను దారి చెప్పి పంపిస్తాను" అన్నారు. "కానీ ఒకటి చెప్పనా? ఈ రోడ్డు మునుపట్లా నడుస్తుంటే ఈ మోటెల్ మాకు దొరికేదా? బండ్లు తగ్గాయి కాబట్టి పాతాయన అమ్ముకున్నాడు. ఆయన కన్నీళ్ళు పెట్టుకుంటూ తాళాలు ఇచ్చాడు. మేం దేవుడికి దండం పెట్టుకుని తీసుకున్నాం" అన్నారు.

నాన్న ఆ మాట విన్నాక త్వరగా లేచి గదికి వెళ్ళిపోయారు. అలసటనుకున్నాను.

ఓక్లహోమా

ఇక్కడ ఒకచోట రోడ్డు వెడల్పు తొమ్మిదడుగులే. తప్పు కాదు, తొమ్మిదే. నాన్న రెండుసార్లు కొలిచారు. అప్పట్లో డబ్బు సరిపడక, రెండు వరసల రోడ్డు బదులు ఒకే వరస వేసుకున్నారట. ఎదురుగా బండి వస్తే ఇద్దరూ చెరో చక్రం మట్టిలోకి దించాలి. "మన చెరువుకట్ట బాట దీనికన్నా నయం గదా!" అని నాన్న మురిసిపోయారు. ముందురోజు వాన కురిసిందని మాకు తెలియదు. ఎదురుగా వచ్చిన పాల వ్యానుకి దారిచ్చే మర్యాదలో నేను కుడి చక్రాలు రెండూ ఎర్రబురదలోకి దించాను. ఇక కారు కదల్లేదు.

పాల వ్యాను డ్రైవరు నవ్వి, గొలుసు వేసి లాగాడు. చేతిలో డబ్బు పెట్టబోతే వద్దన్నాడు. ఏదో ఒకటి ఇవ్వకపోతే నాన్నకి నిద్ర పట్టదు. డబ్బా తీసి ఒక ఊరమిరపకాయ ఇచ్చారు. నేను వద్దు వద్దంటూనే ఉన్నాను. ఆయన మొత్తం నోట్లో వేసుకున్నాడు. ముఖం బురద రంగులోకి మారింది. వ్యానులోకి పరిగెత్తి, పాలసీసా మూత తీసి గటగట తాగి, కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, "ఇంకోటుందా? మా బావమరిదికి" అన్నాడు.

అదే రోజు మధ్యాహ్నం నాన్న ఒక కెఫేలో మెనూ తనే చదివి, 'చికెన్ ఫ్రైడ్' అని ఉన్నదాన్ని తెప్పించుకున్నారు. సగం తిన్నాక గానీ అది కోడి కాదని తెలియలేదు. కోడిని వేయించే పద్ధతిలో వేయించిన ఎద్దుమాంసం అది. వడ్డించినావిడ క్షమాపణ చెప్పబోతే, "పర్లేదమ్మా, మా ఊళ్ళో కూడా పేరొకటి, పదార్థం ఒకటి" అని నాన్న ప్లేటు ఖాళీ చేశారు. కాఫీ ఇక్కడ నలభై ఐదు సెంట్లు. ఆ ఒక్క కప్పుకి ఎన్నిసార్లయినా పోస్తారు. మొదట్లో ప్రతిసారీ డబ్బు లెక్కేసుకుని భయపడ్డ నాన్న, నాలుగోరోజుకి కప్పు ఖాళీ కాకముందే ఆవిడ వైపు చూడ్డం నేర్చుకున్నారు.

న్యూ మెక్సికో

ఎడారి మొదలయ్యాక దారి పక్క బోర్డులు మొదలవుతాయి. "బతికున్న తాచులు! ముప్పై మైళ్ళు." "తాచులు! ఇరవై మైళ్ళు." "వెనక్కి తిరగండి, తాచులు దాటిపోయారు." తీరా వెళ్తే ఒక రేకుల షెడ్డు, గాజుపెట్టెలో నిద్రపోతున్న రెండు పాములు, చుట్టూ తాళపుచెవి గొలుసులు, కప్పులు, టోపీలు. మన తిరునాళ్ళలో రెండు తలల మనిషిని చూపిస్తామని టిక్కెట్టు పెట్టి లోపల అద్దం ముందు నిలబెట్టే డేరా గుర్తొచ్చింది. ఇక్కడ టిక్కెట్టు లేదు, పాము నిజమే. అందుకని నాన్న మర్యాదకి ఒక టోపీ కొన్నారు.

అయితే ఆ షెడ్డు నడిపేవాళ్ళు ఊరికే కూర్చోరు. ఏ వంపులో పాత సిమెంటు కనిపిస్తుందో, ఏ మోటెల్ దీపాల బోర్డు ఇంకా వెలుగుతుందో, ఏ కెఫేలో మధ్యాహ్నం రెండు దాటితే మిరపకాయ కూర అయిపోతుందో కాగితం మీద గీసి ఇస్తారు. అలాంటి కాగితాలు నా దగ్గర తొమ్మిది పోగయ్యాయి. ఈ రోడ్డు గురించి తెలుసుకోవాలంటే అంతకన్నా మంచి గ్రంథాలయం లేదు.

అరిజోనా: పేరు రాయని ఊరు

ఈ ఊరి పేరు రాయవద్దని అక్కడి కెఫే యజమానురాలు కోరింది. ఆమె పేరు డోరతీ అని మాత్రం రాయవచ్చంది. అరవై దాటిన మనిషి, సన్నగా, జుట్టు వెనక్కి బిగించి కట్టుకుని ఉంటుంది. ఐదేళ్ళ కిందట ఇంటర్‌స్టేట్ ఈ ఊరిని వదిలేసి దక్షిణంగా పోయింది. మేం వెళ్ళిన మధ్యాహ్నం కెఫేలో ఇద్దరమే.

నాన్న ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని, భోజనం ముందు చిన్న ప్రార్థన చేసుకున్నారు. కళ్ళు తెరిచేసరికి డోరతీ కాఫీ కూజా పట్టుకుని కదలకుండా నిలబడి ఉంది.

"ఈ బల్ల దగ్గర ఆ పని చేసినవాళ్ళని చూసి చాలా రోజులైంది" అని, అడగకుండానే యాపిల్ పై, అంటే యాపిల్ ముక్కలు కూరి కాల్చిన తీపి రొట్టె, తెచ్చి పెట్టింది. తర్వాత మా ఎదురుగా కూర్చుంది.

ఇంటర్‌స్టేట్ తెరిచిన రోజు ఎలా ఉందని అడిగాను.

"అంతకుముందు రోడ్డు దాటి పోస్టుపెట్టె దగ్గరికి వెళ్ళాలంటే కాచుకుని కూర్చోవాలి. ఆ రోజు మధ్యాహ్నం భోజనాలకి జనం రాలేదు. బయటికొచ్చి చూస్తే మా కుక్క రోడ్డు మధ్యలో పడుకుని ఉంది. సాయంత్రం దాకా లేవలేదు. లేవాల్సిన అవసరం రాలేదు."

నాన్న రోడ్ల శాఖలో పనిచేశారని నా నోటితో నేనే చెప్పాను. ఆమె కళ్ళు మెరిశాయి. లోపలికి వెళ్ళి చుట్టగా చుట్టిన నీలం ప్లాను కాగితం తెచ్చి బల్ల మీద పరిచింది.

"కౌంటీ ఆఫీసువాళ్ళు పంపారు. వచ్చే వారం మీటింగట. మాలో ఎవరికీ ఇది చదవడం రాదు. ఈ చుక్కల గీత చూడండి, సరిగ్గా మా మీదుగా పోతోంది. మళ్ళీ మాకు కొత్త రోడ్డు వేస్తున్నారు గదా? మా వాళ్ళందరితో అదే చెప్పాను. వెనక గది బాగుచేయిద్దామని కూడా అనుకుంటున్నాను."

నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం మీదికి వంగారు. వేలు ఒక మూలకి పోయింది, అక్కడున్న చిన్న అక్షరాలు చదివింది, మళ్ళీ గీత మీదికి వచ్చింది, ఆగింది. పని తెలిసిన మనిషి చూపు అది. ఒక్క నిమిషంలో ఆయనకి అంతా అర్థమైందని నాకు తెలిసిపోయింది.

"వెలుతురు చాలదమ్మా. రేపు పొద్దున చూసి చెప్తాను" అన్నారు.

కిటికీలోంచి అరిజోనా ఎండ ఆ కాగితం మీదే పడుతోంది.

ఊళ్ళో ఉన్న ఒక్క మోటెల్‌లో దిగాం. గది ముందు ఇనప కుర్చీల్లో కూర్చున్నాం. పొద్దు ఇంకా వాలలేదు.

"నాన్నా, అదేంటి? మీకు కనిపించింది కదా?"

"కనపడింది. ఊరికి పడమర పక్క వంతెన తీసేస్తున్నారు. చుక్కల గీతంటే వేసే రోడ్డు కాదమ్మా, తీసేసే రోడ్డు. వంతెన పోతే ఇది ముందుకుపోయే దారి కాదు. వచ్చినవాడు మళ్ళీ వెనక్కే పోవాలి. ఇంకెవడొస్తాడు?"

"మరి చెప్పకుండా వచ్చేశారేం?"

నాన్న కుర్చీ నా వైపు జరుపుకున్నారు. తర్వాత నేను ఎన్నడూ వినని సంగతి చెప్పారు.

నా చిన్నప్పుడు, ట్రంకు రోడ్డు ఒక ఊరి ఇరుకు బజారులోంచి పోతుంటే, ఊరి బయట నుంచి కొత్త బైపాసుకి సర్వే చేయించింది నాన్నే. రెండు నెలలు ఆ ఊళ్ళో మకాం. రోజూ ఇడ్లీ, భోజనం కోటయ్య అనే ఆయన హోటల్లోనే. ఆగే ప్రతి లారీకీ అన్నం పెట్టే హోటలు అది.

"ఒకరోజు అడిగాడమ్మా. 'ఓవర్సీరుగారూ, కొత్త రోడ్డు యాడనుంచి వస్తది సార్, మాకేమన్నా ఇబ్బందా?' అని. ఆ పూట నాకు గుడ్డు వేసి పెట్టాడు. ఎట్టా చెప్పేది? 'మీ ఊరి పక్కనుంచేలే కోటయ్యా' అన్నా. అబద్ధం కాదు. పక్కనుంచే. మైలున్నర పక్కనుంచి. పక్కనే అంటే బేరం పెరుగుద్దనుకున్నాడు. ముందుకి రేకుల పందిరి దించాడు, బల్లలు చేయించాడు. రోడ్డు తెరిచిన ఏడాదికి మూసేశాడని విన్నా. ఆ తర్వాత నేను ఆ బజారులో అడుగు పెట్టలా. బస్సు బైపాసు మీద పోతుంటే అటు పక్క సీటులో కూడా కూర్చోలా."

నేను ఏదో అనబోయాను. చెప్పినా రోడ్డు ఆగేదా, మీ చేతుల్లో ఏముంది అని. నాన్న నా ముఖం చూసే గ్రహించారు.

"రోడ్డు ఆగేది కాదు. కానీ చెప్పుంటే ఆ డబ్బుతో కొత్త రోడ్డు మీద గజం స్థలం కొనుక్కునేవాడేమో. నాకు తెలిసింది చెప్పే పని ఒక్కటే నా చేతిలో ఉంది. అదీ చెయ్యలా."

వంతెన

పొద్దున్నే నేను లేచేసరికి నాన్న తయారై, బూట్లు వేసుకుని కూర్చున్నారు. కెఫే తెరవడానికి ముందే తలుపు దగ్గర నిలబడ్డాం.

డోరతీ కాఫీ పోయబోతే, నాన్న కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టారు. "ముందు ఇది విను. ఆ తర్వాత నీకు పోయాలనిపిస్తే పోద్దువు" అన్నారు. నాన్న ఇంగ్లీషు ఆఫీసు ఉత్తరాల ఇంగ్లీషు. ఆ రోజు మాత్రం చిన్న చిన్న మాటలు వాడారు. కాగితం మూలనున్న గుర్తుల పట్టిక చూపించారు. చుక్కల గీతకి ఎదురుగా ఏం రాసుందో ఆమెనే చదవమన్నారు.

ఆమె పైకి చదివింది. మళ్ళీ చదివింది. కాగితం నాన్న వైపు తోసింది.

"నిన్న నీకు ఇది తెలుసు."

"తెలుసు."

"నిన్న నా యాపిల్ పై తిని, వెలుతురు చాలదన్నావు."

"అవును" అన్నారు నాన్న. కోటయ్య సంగతి చెప్పలేదు.

డోరతీ లోపలికి వెళ్ళిపోయింది. వంటగదిలో గిన్నెలు గట్టిగా మోగాయి. వెళ్ళిపోదాం నాన్నా అన్నాను. ఆయన కదల్లేదు. కొంచెంసేపటికి ఆమె తిరిగొచ్చి కప్పులో కాఫీ పోసింది, కూర్చోలేదు.

"సరే. ఏం చెయ్యొచ్చో అది చెప్పు" అంది.

"ముందు వంతెన చూడాలి. ఒక సుత్తి ఇప్పించమ్మా."

ఊరికి మైలు దూరంలో, ఎండిపోయిన వాగు మీద ముప్పై అడుగుల కర్ర వంతెన. అరవై ఏడేళ్ళ మనిషి, కొత్త టోపీ పెట్టుకుని వాగులోకి దిగి, దూలాల కింద వెల్లకిలా పడుకున్నారు. ఒక్కో దూలాన్నీ సుత్తితో కొట్టి విన్నారు. స్క్రూడ్రైవరు గుచ్చి చూశారు. గంటన్నర పట్టింది. ఈలోపల డోరతీ ఫోను చేసిందేమో, ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గట్టు మీద నిలబడ్డారు. మొత్తం ఏడుగురు.

నాన్న దుమ్ము దులుపుకుంటూ పైకొచ్చారు.

"ఈ ఎండకి కర్ర పుచ్చదు. దూలాలన్నీ గట్టివే, ఒక్కటి తప్ప. పై పలకలు మూడు చీలినయి, మేకులు వదులైనయి. బరువు లారీలు పోకూడదు. కార్లకి ఏం కాదు" అన్నారు. నేను ఇంగ్లీషులో చెప్పాను. "తీసెయ్యమనడం వాళ్ళకి సులువు. బరువు హద్దు బోర్డు పెట్టి, ఒక దూలం మార్చమని మీరు అడగండి. మా దగ్గర అట్టనే చేస్తాం. ఒప్పుకుంటారని నేను చెప్పలేను. అడగకపోతే మాత్రం తీసేస్తారు."

కెఫే బల్ల మీద నాన్న చెప్తుంటే నేను ఉత్తరం రాశాను. ప్రతి దూలానికీ ఒక నంబరు, ఏది ఎలా ఉందో ఒక వరస. మొదటి వాక్యంలో "తమ సన్నిధికి సవినయంగా సమర్పించుకుంటున్నాను" అన్న అర్థం వచ్చే పాత దొరల ఇంగ్లీషు ముక్క నాన్న పట్టుబట్టి రాయించారు. దాన్ని చదివి డోరతీ ఆ పూటకి మొదటిసారి నవ్వింది. ఏడుగురూ సంతకాలు పెట్టారు. మధ్యాహ్నం భోజనానికి ఆమె మా దగ్గర డబ్బు తీసుకుంది. మిస్సోరీలో వద్దన్నప్పుడు కంటే నాన్నకి అదే తృప్తిగా అనిపించిందట.

సముద్రం

కాలిఫోర్నియాలో రోడ్డు ముగిసేచోట చూడ్డానికి ప్రత్యేకంగా ఏమీ లేదు. మలుపులు, ట్రాఫిక్ లైట్లు, తర్వాత ఒక కొండచరియ, కింద సముద్రం. ఇక్కడ ముగిసిందని చెప్పే రాయి గానీ, బోర్డు గానీ మాకు దొరకలేదు. ముగ్గురిని అడిగితే మూడు చోట్లు చూపించారు. పార్కింగ్‌కి డాలరున్నర.

నాన్న ఇసుకలో బూట్లు విప్పి మోకాళ్ళ దాకా నీళ్ళలోకి వెళ్ళారు. మా ఒంగోలు దగ్గరి కొత్తపట్నం సముద్రం కంటే చల్లగా ఉందన్నారు. ఒడ్డుకొచ్చి, "ప్రకాశ్‌కి ఫోన్ చేసి చెప్పు, మనకి బోరు కొట్టలేదని" అన్నారు.

తర్వాత

యాత్ర అయితే అక్కడితో అయిపోయింది. ఈ రోడ్డుకి వెళ్ళాలనుకుంటే త్వరగా వెళ్ళండి. పాత పెట్రోలు మ్యాపొకటి సంపాదించుకోండి. పాత పోస్టుకార్డులు చూసుకుంటూ వెళ్తే ఏది మిగిలిందో, ఏది పోయిందో తెలుస్తుంది. రైలు పట్టాల్ని వదలకండి. కెఫేల్లో తొందరపడకండి.

క్రిస్మస్‌కి డోరతీ దగ్గర నుంచి కార్డు వచ్చింది. మీటింగు రెండుసార్లు జరిగిందట. వంతెన తీయలేదు. ఒక దూలం మార్చి, మూడు టన్నులకి మించిన బండ్లు పోరాదని బోర్డు పెట్టారు. "బేరం పెరగలేదు. తగ్గలేదు. వెనక గది బాగుచేయించలేదు, ఆ మేరకు మీ నాన్నకి నా ధన్యవాదాలు చెప్పు" అని రాసింది.

కార్డుని నాన్నకి ఒంగోలు పంపాను. సంక్షిప్తంగా ఉత్తరాలు రాసే మనిషి ఈసారి నాలుగు పేజీలు రాశారు. అమెరికా నుంచి వెళ్ళిన పదోరోజునే ఆ బైపాసు ఊరికి వెళ్ళారట. పాత బజారులో దిగి అడిగితే, కోటయ్య ఉన్నాడన్నారు. చూపు తగ్గింది, కొడుకు దగ్గర ఉంటున్నాడు. నాన్న గొంతు విని, "ఓవర్సీరుగారా?" అని లేచాడట.

నాన్న జరిగింది జరిగినట్టు చెప్పారు. రోడ్డు ఎటు పోతుందో ఆ రోజే తెలుసని, తెలిసీ చెప్పలేదని.

ఆ తర్వాతది నాన్న మాటల్లోనే ఇస్తాను.

"కోటయ్య నన్ను ఒక్క మాట అనలేదమ్మా. 'సార్, మీరు సర్వే రాళ్ళు పాతింది యాడో నేను చూశా. చేలో గేదెలు తోలుకుపోయేవాడికి రాళ్ళు కనపడవా? రాళ్ళు అంత దూరాన ఉంటే, మీరేమో పక్కనే అంటిరి. రాళ్ళదేముంది, మార్చి పాతుతారేమో, సారు చెప్పినాడు గదా అనుకున్నా' అన్నాడు. లేచి వచ్చేద్దామనుకున్నాను. అప్పటికే వాళ్ళ కోడలు ఆకు వేసింది. కోటయ్య తడుముకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుని, ఏమేం వడ్డించాలో కోడలికి చెప్తా ఉన్నాడు. చివర్న, 'సారుకి గుడ్డు వేశావా?' అని అడిగాడు. వేసింది. కూర్చుని అంతా తిన్నాను."